డబ్బా మీద 3200 అని ఉంటే మీ పీసీలో 3200 వస్తున్నట్టేనా?

ఒకసారి టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద క్లిక్ చేయండి. 3200 ర్యామ్‌కి డబ్బులు కట్టినా అక్కడ 2400 అనో 2666 అనో కనిపించొచ్చు. మదనపల్లెలో ఈ మధ్య చూసిన ఓ స్టూడెంట్ పీసీ సంగతి ఇదే. బెంగళూరు ఎస్పీ రోడ్డులో పార్ట్స్ కొనుక్కొచ్చి తనే బిగించుకున్నాడు. స్పీడ్ చూసి ర్యామ్ డూప్లికేట్ అని ఫిక్స్ అయిపోయాడు. డూప్లికేట్ కాదు, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయలేదంతే. కొన్ని ఏఎండీ బోర్డుల్లో దీన్నే డీఓసీపీ అంటారు, డీడీఆర్5తో ఎక్స్‌పో వచ్చింది. సీపీయూ-జెడ్‌లో 1600 కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది, రెండుతో గుణించుకోవాలి.

ఇక్కడిదాకా ప్రతి యూట్యూబ్ వీడియోలో ఉండేదే. చాలామంది దాటేసే విషయం ఒకటుంది: ఎక్స్‌ఎంపీ అంటే ఓవర్‌క్లాకింగే. డీడీఆర్4 మామూలు వోల్టేజీ 1.2, ఎక్స్‌ఎంపీతో చాలా కిట్లు 1.35కి వెళ్తాయి. ఆ స్పీడుని ర్యామ్ ఒక్కటే కాదు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలరూ మదర్‌బోర్డూ కూడా తట్టుకోవాలి.

తట్టుకోకపోతే ఏమవుతుందో పుంగనూరులో పెళ్లి ఫోటోలు తీసే ఓ అన్న దగ్గర చూశాను. "ఫోటోలు ఎక్కించేటప్పుడే పాడైపోతా ఉండాయి" అన్నాడు. బ్లూ స్క్రీన్ వారానికి ఒకటి కూడా రాదు. కానీ కార్డు నుంచి కాపీ చేసిన వందల ఫోటోల్లో నాలుగైదు సగం వరకు బాగుండి, కింద బూడిద రంగు పట్టీ. హార్డ్ డిస్క్ మార్చాడు, మళ్లీ అదే. షాపులో ర్యామ్ పీకి రబ్బరుతో రుద్ది ఇచ్చారు. కాంటాక్ట్ సమస్య అయితే ఆ వైద్యం పనిచేస్తుంది, ఇది అది కాదు.

పాత 8 జీబీ స్టిక్‌లు రెండు ఉన్నచోట కొత్తగా 16 జీబీవి రెండు వేయించాడట. మెమ్‌టెస్ట్86 ప్లస్ పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేస్తే గంటలోపే ఎర్ర గీతలు. పాతవి మాత్రమే పెడితే 3200లో క్లీన్, కొత్తవి మాత్రమే పెట్టినా క్లీన్. నాలుగూ కలిపితేనే ఎర్రర్లు. 2933కి దించి రాత్రంతా వదిలేస్తే ఒక్క ఎర్రరూ లేదు. లైట్‌రూమ్‌లో తేడా అతనికి తెలియనే లేదు.

బాధ ఏమిటంటే, ర్యామ్‌లో ఒక బిట్ తారుమారైతే ఆ తప్పునే డిస్క్ నమ్మకంగా రాసుకుంటుంది. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు. కార్డులు ఇంకా ఫార్మాట్ చేయని పెళ్లి ఒకటి మళ్లీ కాపీ చేసుకున్నాడు. అంతకుముందు రెండు పెళ్లిళ్లలో పాడైన ఫోటోలు పోయినట్టే.

కుప్పంలో ఓ గేమర్ తమ్ముడు మాత్రం కొనకముందే అడిగాడు. అతనిది రైజెన్ 7000, డీడీఆర్5 6000 స్టిక్‌లు రెండున్నాయి. అవే ఇంకో రెండు వేద్దామని ప్లాన్. వద్దన్నాను. ఆ ప్రాసెసర్లకు ఏఎండీ స్పెసిఫికేషనే రెండు స్టిక్‌లకు 5200, నాలుగు పెడితే 3600. పాతవి అమ్మేసి 32 జీబీవి రెండు తీసుకున్నాడు. స్లాట్లు సీపీయూ వైపు నుంచి రెండు, నాలుగు.

మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోయిందని ఫోన్ చేశాడు, అప్పటికే మూడుసార్లు పవర్ బటన్ నొక్కాడు. డీడీఆర్5 మొదటి బూట్‌లో మెమరీ ట్రైనింగ్‌కి కొన్ని నిమిషాలు పడుతుంది. ముట్టుకోకుండా వదిలేయమన్నాను, టీ తాగి వచ్చేసరికి లాగిన్ స్క్రీన్ వచ్చింది.