గిటారుకీ మైకుసెట్టుకీ మధ్య

గిటారు వినపడకపోతే మైకుసెట్టాయన్ని, మైకు కూతపెడితే గిటారు కుర్రాణ్ణి తిట్టుకోవడం మన సాంస్కృతిక కార్యక్రమాల్లో ఆనవాయితీ. నిజానికి చాలాసార్లు గొడవంతా ఆ ఇద్దరికీ మధ్యనున్న పెడళ్లలో, నాబుల్లో ఉంటుంది. ఆ సంగతే నాకు తెలిసినంతలో నాలుగు ముక్కలు చెబుతాను.

ఉదాహరణకి అరకు లోయ థింసానే తీసుకుందాం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఆరుబయట, ఆడవాళ్లు చేతులు పెనవేసుకుని అడుగులేస్తుంటే డప్పు, తుడుం, మోరి మోగుతాయి. వాటికి కరెంటు అక్కర్లేదు. మాబోటి గిటారువాళ్లం సరదాపడి వాళ్ల పక్కన చేరామనుకోండి, సన్నాయి లాంటి ఆ మోరి మన మోతలో మునిగిపోవడానికి క్షణం పట్టదు. మోరికి వాల్యూం నాబు లేదు, మనకుంది. కాబట్టి బాధ్యత మనదే.

ముందు లెక్క చూద్దాం. మైకు ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. గిటారు మెల్లగా మీటితే వోల్టులో పదోవంతు, గట్టిగా బాదితే ఒక వోల్టు దాకా ఇస్తుంది. పెడళ్లు చాలామటుకు 9 వోల్టుల మీద నడుస్తాయి. అందులో పట్టనంత పెద్ద అల వస్తే దాని తల తెగిపోతుంది. 1962లో వచ్చిన మేస్ట్రో ఫజ్‌టోన్ పెడల్ పని ఇదే. కావాలని తెంపితే అదొక రకం నాదం. మనకు తెలియకుండా తెగితే వట్టి గరగర. గెడ్డలో ఎగువన బురద కలిస్తే దిగువ రేవులో తేటనీరు దొరకనట్టు, మొదటి పెడల్లో పుట్టిన గరగరని చివర మిక్సరు తీసేయలేదు. అలాగని మొదట్లో మరీ తగ్గించి చివర్లో పెంచినా చిక్కే. పాటతోపాటు పెడళ్ల బుసకూడా పెరుగుతుంది.

మరి పద్ధతేమిటి? పెడళ్లన్నీ ఆపండి. గిటారుని డి.ఐ. పెట్టె ద్వారా మిక్సరుకి కలపండి. ఆ పెట్టె గిటారు సంకేతాన్ని మైకు స్థాయికి దించి, పొడుగు వైరులో దూరే 50 సైకిళ్ల కరెంటు గుయ్‌మనే మోతని చాలావరకు అణుస్తుంది. పాటలో ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా వాయిస్తూ గెయిన్ పెంచండి. డిజిటల్ మిక్సరైతే మీటరు మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఆడితే చాలు, ఎర్రదీపం వెలగకూడదు.

తర్వాత గిటారు వైపునుంచి ఒక్కో పెడలే వేసి చూడండి. వేసినా ఆపినా శబ్దం ఒకే మోతాదులో ఉండాలి. సోలోకి మాత్రం మూడు నాలుగు డెసిబెల్స్ ఎక్కువ చాలు. ఆరు పెంచితే వోల్టేజి రెట్టింపు, ఇరవై పెంచితే పదిరెట్లు! చివరికి పాటలో కలిపి వాడే పెడళ్లన్నీ ఒకేసారి వేసి ఎర్రదీపం మళ్లీ చూసుకోండి.

ఇంకో కిటుకు. గిటారు యాంప్లిఫయరు స్పీకరు 5,000 సైకిళ్లు దాటాక గొంతు తగ్గించేస్తుంది. మైకుసెట్టు హారన్లు అంతకు పైవి కూడా వినిపిస్తాయి. అందుకే ఇంట్లో కమ్మగా ఉన్న డిస్టార్షన్ నేరుగా మైకుసెట్టులోకి పంపితే రేకు గీకినట్టుంటుంది. క్యాబినెట్ సిమ్యులేటర్ పెట్టండి, లేదా యాంప్లిఫయరు ముందు మైకు పెట్టండి. డిస్టార్షన్ నాబు కూడా ఇంట్లోకన్నా తగ్గించండి.

ఇక అరకు వేదిక మీదైతే ముందు పాడేవాళ్లనీ మోరినీ సరిచేయించండి. గిటారు అందరికన్నా ఆఖర్న. మోరి స్పష్టంగా వినిపిస్తూండగానే మీ ఫేడరు ఆపేయండి. స్పీకర్లు మైకులకన్నా ముందుంటే కూత బెడద సగం తీరుతుంది.

వచ్చే వార్షికోత్సవానికి పెడళ్లు మోసుకొచ్చే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నా మనవి ఒక్కటే. కార్యక్రమం ఆరింటికైతే మీరు నాలుగింటికే రండి. మైకుసెట్టాయనకి ఒక టీ ఇప్పించి, పక్కన కూర్చుని ఈ పనంతా చేసుకోండి.