యంత్రమెవరు? మనిషెవరు?

ఒక గదిలో మనిషి, మరొక గదిలో యంత్రం. మూడవ గదిలో కూర్చున్న పరీక్షకుడు ఇద్దరికీ ప్రశ్నలు రాసి పంపుతాడు. రాతలో వచ్చిన సమాధానాలను బట్టి మనిషెవరో తేల్చాలి. ఆంగ్లేయ గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1950లో ‘మైండ్’ పత్రికలో ప్రతిపాదించిన పరీక్షకు నేటి రూపం ఇది. యంత్రం ఆలోచిస్తుందా అన్న చిక్కుప్రశ్నను పక్కనబెట్టి, అది మనిషిగా నమ్మించగలదా అని చూస్తే చాలునన్నాడాయన. ఆయన తండ్రి జూలియస్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. పార్వతీపురం, అనంతపురం, కర్నూలుతో పాటు మన బెజవాడలోనూ కొలువు చేశాడు. బెజవాడ మాట వినగానే మా విద్యార్థులకు ఉత్సాహం పుట్టింది. “మనమూ చేసి చూద్దాం హజ్రత్!” అన్నారు.

కృత్తివెన్నులోని మా మద్రసాలో ఒకనాడు అసర్ నమాజు తరువాత ఆ ఏర్పాటు జరిగింది. పరీక్షకులం మేమే. రొయ్యల చెరువుల మీద ఆధారపడిన కుటుంబం నుండి వచ్చిన పదిహేనేళ్ళ బాలుడు ఒక గదిలో, ఫోను పట్టుకున్న పెద్ద విద్యార్థి మరొక గదిలో. కృత్తివెన్ను కుర్రవాడిలా మాట్లాడమని ఫోనుకు ముందే చెప్పి ఉంచారట. చేతిరాత తేడా తెలియకుండా రెండు సమాధానాలనూ ఒకరే చీటీల మీదికి ఎత్తి రాశారు.

“తుఫాను వచ్చే ముందు రాత్రి మీ ఇంట్లో ఏం చేస్తారు?” అని అడిగాము.

మొదటి చీటీ నిండుగా ఉంది. బియ్యం, కాగితాలు అటక మీదికి ఎక్కించడం, సముద్రపు హోరు, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి నానమ్మ చెప్పే మాటలు... చదువుతుంటే మా కళ్ళు చెమర్చాయి. మేమప్పుడు పసివాళ్ళమైనా ఆ రోజులు మరువలేదు. రెండవ చీటీలో ఇంతే ఉంది: “అబ్బా పడుకోరు. గట్టు తెగితే రొయ్య పోతుంది. చూస్తా ఉంటాం.”

మొదటిది మనిషి, రెండవది యంత్రం అని తీర్పు చెప్పాము.

పిల్లలు గొల్లున నవ్వారు. ఆ బాలుడు మాత్రం నవ్వలేదు.

హదీసు విద్యలో మాట ఎంత ఇంపుగా ఉన్నా ముందు ‘ఇస్నాద్’ అడుగుతాము. ఎవరు చెప్పారు? వారు ఎవరి నోట విన్నారు? పాతికేళ్ళకు పైగా ఇదే బోధిస్తున్న మేము, ఆ నానమ్మ పేరేమిటని, ఆ రాత్రి ఆమె ఏ ఊళ్ళో ఉందని ఒక్క చీటీ రాసి పంపలేదు. అడిగితే యంత్రం ఏదో ఒక పేరు చెప్పేదే, అది వేరే మాట. మేము అడగనే లేదు.

ఇలా పొరబడింది మేమొక్కరమే కాదు. 1991లో అమెరికాలోని బోస్టన్‌లో జరిగిన ఇటువంటి పోటీలో, షేక్‌స్పియర్ గురించి చక్కగా సమాధానాలిచ్చిన ఒక మహిళను ముగ్గురు న్యాయనిర్ణేతలు యంత్రమనుకున్నారు. మనిషికి ఇన్ని సంగతులు తెలియవని వారి లెక్క! 2014లో లండన్‌లో ఒక ప్రోగ్రాము తాను పదమూడేళ్ళ ఉక్రెయిన్ బాలుడినని చెప్పుకొని, భాషలోని తప్పులకు అదే సాకుగా నిలువగా, మూడింట ఒక వంతు మందిని నమ్మించింది. ఇక శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025లో వెల్లడించిన ఫలితం చూడండి. ఒక మనిషితోనూ, మనిషి వేషం వేయమని ముందే చెప్పిన జీపీటీ-4.5తోనూ ఐదేసి నిమిషాలు సంభాషించిన వారు, 73 శాతం సార్లు యంత్రాన్నే మనిషిగా ఎంచుకున్నారు. యంత్రం గెలిచిందని లోకం చెప్పుకొంది. అయితే ఆ పరీక్షలో ఇద్దరిలో ఒకరినే మనిషిగా ఎంచాలి. యంత్రం గెలిచిన ప్రతిసారీ అవతల ఉన్న నిజమైన మనిషి యంత్రంగా లెక్కకు వచ్చాడు. వారి గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. మాకు మాత్రం అలాంటి ఒక మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“ఏం రాసుంటే నేను మనిషినని తెలిసేది హజ్రత్?” అని అడిగాడు.

ఆ సాయంత్రం మా వద్ద జవాబు లేదు. మగ్రిబ్ తరువాత, తెలుగు వ్యాసాల కట్ట విప్పి అతనిది వెదికి తీశాము. తొమ్మిది పంక్తులు. కింద ఎర్ర సిరాతో మేమే రాసిన మాట: ‘వివరణ చాలదు. పదికి నాలుగు.’ దాని పక్కనే తొమ్మిదేసి మార్కులు వేసిన వ్యాసాలు రెండు ఉన్నాయి. నిండైన భాష, ఒక్క అక్షరదోషం లేదు. లాంతరు దగ్గరకు జరుపుకొని వాటిని మళ్ళీ మొదటి నుండి చదవసాగాము.