చేతికున్న సెన్సారు, ట్రంకులో ఉన్న మీటరు

మా గదిలోని తొమ్మిదో తరగతి తమ్ముడికి టైప్-1 షుగరు. రోజూ ఇన్సులిన్ వేసుకోవాలి. ఇక్కడే చదువుకొని ఉద్యోగంలో స్థిరపడిన ఒక అన్నయ్య ఈ ఏడాది అతనికి రెండు సెన్సార్లు కొనిచ్చారు. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దగా ఉండే దాన్ని జబ్బకు అంటిస్తే ఫోనులో షుగరు అంకె కనపడుతుంది. వార్డెన్ సార్ ఆ ఫోనుకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. ఇక వేలు గుచ్చుకునే బాధ తప్పిందని మేమంతా సంబరపడి, గ్లూకోమీటరును ట్రంకు పెట్టె అడుగున పడేశాం.

ఒక సాయంత్రం కబడ్డీ ఆడి వచ్చాక తమ్ముడికి చెమటలు, చేతుల వణుకు. ఫోనులో చూస్తే 92. "బాగానే ఉంది కదరా, అన్నం గంట కొట్టేదాకా ఆగు" అన్నాం. వణుకు తగ్గలేదు. ట్రంకు వెతికి మీటరు తీసి చూస్తే 58! 70 కంటే తగ్గితేనే ప్రమాదం. స్పృహలో ఉన్నాడు కాబట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాం. పావుగంటకు మీటరులో 85 వచ్చింది. సెన్సారు మాత్రం అప్పుడు 61 అంటోంది! దాన్ని నమ్మి ఇంకా పంచదార పోసి ఉంటే రాత్రికి షుగరు ఎగబాకేది.

ఇలా ఎందుకు జరిగిందో తర్వాత డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నాం. సెన్సారు తీగ రక్తనాళంలోకి పోదు. చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో ఉంటుంది. రక్తంలోని గ్లూకోజు అక్కడికి చేరడానికి సుమారు 5 నుంచి 15 నిమిషాలు పడుతుంది. మన ట్యాంకు ఖాళీ అయినా పైపులో మిగిలిన నీళ్లు కుళాయిలో కాసేపు వస్తూనే ఉంటాయి చూడండి, అలాగన్నమాట. షుగరు నిలకడగా ఉన్నప్పుడు ఈ ఆలస్యం పెద్దగా తెలియదు. ఆటలాడినప్పుడు, తిన్న వెంటనే తెలుస్తుంది. అంకె పక్కన బాణం గుర్తు కిందికి చూస్తోందని ఆ రోజు మేం గమనించనే లేదు. అంకెకన్నా ఆ బాణమే ఎక్కువ పనికొస్తుందని మాకు ఇప్పుడు అనిపిస్తోంది.

మరో రాత్రి రెండు గంటలకు అలారం మోగి గదంతా లేచింది. ఫోనులో 54, మీటరులో 118. తమ్ముడు ఆ చెయ్యి కింద పెట్టుకొని పడుకున్నాడు. ఒత్తిడి పడితే సెన్సారు ఉత్తుత్తి తక్కువ చూపిస్తుందట! అంటించిన మొదటి రోజు కూడా అంకెలు కుదురుగా ఉండవు. కొన్ని రకాల సెన్సార్లు విటమిన్-సి మాత్రలు ఎక్కువ వాడితే లేని షుగరు చూపిస్తాయి.

1999లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి సెన్సారు రోగికి అంకే చూపేది కాదు. మూడు రోజుల లెక్కలు తర్వాత డాక్టరు చూసుకోవాల్సిందే. ఆ లెక్కన ఇప్పటిది ఎంతో మేలు. కానీ ఒక్కొక్కటి రెండు వారాలే పనిచేస్తుంది, ధర వేలల్లో ఉంటుంది. మా రెండోది తొమ్మిదో రోజే స్నానం చేస్తుంటే ఊడిపోయింది. ఊడినదాన్ని మళ్లీ అంటించడం కుదరదు. అన్నయ్యకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు, ఇది చదివి ఏమనుకుంటారో!

తమ్ముడు మళ్లీ వేలు గుచ్చుకుంటున్నాడు. మీటరు, పంచదార డబ్బా ఇప్పుడు కిటికీ గూట్లో ఉంటున్నాయి.