కురచా? పొడవా? కాదు, సౌకర్యం
మహిళలు ఏం తొడుక్కుని వ్యాయామం చేయాలో అందరూ చెబుతున్నారు. ఒంటికి ఏం కావాలో మాత్రం ఎవరూ అడగడం లేదు

తెల్లవారుజామున హైదరాబాద్ కేబీఆర్ పార్కు దగ్గరో, విశాఖ ఆర్కే బీచ్‌లోనో కాసేపు నిలబడితే చాలు, మధ్యతరగతి మహిళల వ్యాయామ దుస్తులేమిటో తెలిసిపోతుంది. చీర కింద స్పోర్ట్స్ షూ. నడుముకు బిగించి కట్టిన చున్నీ. ట్రాక్ ప్యాంటు వేసుకునే ధైర్యం చేసినా, పైన మోకాళ్ల దాకా కుర్తా. పక్కనే భర్తలు టీషర్టు, నిక్కరులో చేతులూపుకుంటూ హాయిగా సాగిపోతుంటారు.

అంతర్జాతీయ క్రీడాకారిణులకే ఈ గొడవ తప్పలేదు. 2005లో సానియా మీర్జా పొట్టి స్కర్టులపై ఓ మతపెద్ద అభ్యంతరం చెప్పడంతో కోల్‌కతా టోర్నీలో ఆమెకు భద్రత పెంచాల్సి వచ్చింది. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య అందుకు పూర్తిగా ఎదురు దిశలో వెళ్లింది. ప్రేక్షకులను ఆకట్టుకోవాలంటే పెద్ద టోర్నీల్లో మహిళలు స్కర్టులే ధరించాలంది. క్రీడాకారిణులు భగ్గుమన్నారు. నిబంధన అమల్లోకి రాకుండానే 2012లో అటకెక్కింది. 2021లో యూరోపియన్ బీచ్ హ్యాండ్‌బాల్ పోటీల్లో బికినీకి బదులు షార్ట్స్ వేసుకున్నందుకు నార్వే జట్టుకు 1,500 యూరోల జరిమానా పడింది. గోల కావడంతో ఆ నిబంధననూ అదే ఏడాది మార్చారు. ఒకరికి కురచ ఎక్కువైంది, మరొకరికి చాల్లేదు. ఆడేవాళ్లను అడిగింది ఎవరూ లేరు.

ఇక ఒంటి సంగతి. చెమట పట్టినంత మాత్రాన శరీరం చల్లబడదు, అది ఆవిరి కావాలి. నూలు బట్ట చెమటను పీల్చుకుని తనలోనే దాచుకుంటుంది. పాలిస్టర్ పెద్దగా పీల్చుకోదు కాబట్టి త్వరగా ఆరుతుంది. అలాగని నూలును తీసిపారేయనక్కర్లేదు. అరగంట నడకకు వదులైన, పల్చటి నూలు చొక్కా చక్కగా సరిపోతుంది. గంటసేపు పరుగెత్తేవారికే తడిసిన నూలు బరువెక్కి, చంకల్లో, తొడల మధ్య ఒరుసుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువుండే విశాఖ లాంటి చోట చెమట ఎలాగూ త్వరగా ఆరదు. అక్కడ ఒంటికి అతుక్కునే బట్టలు శిక్షే.

చీర కుచ్చిళ్లు అడుగును కురచ చేస్తాయి, అంతే. చున్నీతోనే అసలు ప్రమాదం. ట్రెడ్‌మిల్ బెల్టులోనో, సైకిల్ చెయిన్‌లోనో చిక్కుకుంటే మెడకే ఉరి.

చెమటను అడ్డుకునే దుస్తుల్ని డబ్బు పోసి కొనడం మరో విడ్డూరం. పొట్ట కరుగుతుందని చెప్పి రబ్బరు సూట్లు, బెల్టులు అమ్ముతున్నారు. వాటితో తగ్గేది నీరే, రెండు గ్లాసులు తాగితే తిరిగొస్తుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు బరువు తగ్గేందుకు ఇలాంటి సూట్లలో కసరత్తు చేస్తూ చనిపోయారు. మరుసటి ఏడాదే అక్కడి కాలేజీ క్రీడల సంఘం వాటిని నిషేధించింది.

మన ఇళ్లలో పైకి అనని మాట ఇంకొకటుంది, స్పోర్ట్స్ బ్రా. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో పరుగంటే ఇష్టమున్న ఓ మహిళ, ఆమె స్నేహితురాళ్లు మగ క్రీడాకారుల లోదుస్తులు రెండింటిని కలిపి కుట్టి దీన్ని తయారుచేశారు. అవసరం అంత మొరటుగా తరుముకొచ్చింది మరి. రొమ్ముల్లో కండరం ఉండదు. చర్మం, సన్నని బంధనాలే ఆధారం. అందుకే పరుగులో నొప్పి. భుజాల పట్టీలు ఎంత బిగించినా లాభం లేదు, భారం మోయాల్సింది ఛాతీ చుట్టూ ఉండే పట్టీ. దాని కింద రెండు వేళ్లు దూరితే కొలత సరిపోయినట్లు. కొనేముందు తొడుక్కుని నాలుగు గెంతులు గెంతి చూడాలి. చిన్న ఊళ్లలోని దుకాణాల్లో ఆ వీలేదీ? ట్రయల్ రూమ్ ఉండదు, కౌంటర్ వెనక మగవాళ్లే. తల్లి సైజు గొణుగుతుంది, వాళ్లు పొట్లం కట్టి ఇస్తారు. అది సరిపోని కూతురు పీటీ పీరియడ్‌లో కడుపునొప్పి అని చెప్పి ఓ పక్కన కూర్చుంటుంది.