మంచి కుక్క: అదృష్టమా, శిక్షణమా?

విశాఖపట్టణమున రామకృష్ణా బీచి వెంట వేకువజామున నడచువారికి ఈ దృశ్యము పరిచితమే: ఒక లాబ్రడారు యజమాని అడుగులో అడుగు వేయుచు, ఊరకుక్కలు మొఱిగినను తల త్రిప్పక సాగిపోవును, వెనుక వచ్చు ఆ జాతికుక్కయే మఱియొకటి గొలుసు తెంచుకొనునట్లు లాగుచు పల్లీలబండి మీదికి ఉఱుకును. చూచినవారు మొదటి యజమానిని అదృష్టవంతుడందురు.

అదృష్టమునకు కొంత తావు లేకపోలేదు. స్కాట్, ఫుల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు అయిదు జాతుల కుక్కలను ఏండ్ల తరబడి పరిశీలించి 1965లో ప్రకటించిన గ్రంథమున, స్వభావము కొంతవఱకు పుట్టుకతోనే వచ్చునని చూపిరి. కాని మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకు మనుష్యస్పర్శ నెఱుగని పిల్లను తరువాత మచ్చిక చేయుట దుష్కరమనియు వారే తేల్చిరి. మొక్కై వంగనిది మానై వంగునా?

ప్రేలుడు పదార్థములను పసిగట్టు భద్రతాదళముల కుక్కలను చూడుడు. వాసన తగిలినంతనే మొఱుగక, కాలితో గోకక, ఆ వస్తువు నెదుట నిశ్శబ్దముగా కూర్చుండును. అట్లు కూర్చున్న ప్రతిసారియు, క్షణమైన ఆలసింపక, దానికి ప్రియమైన బంతియో తినుబండారమో అందించుచు నెలల తరబడి చేయించిన అభ్యాసమే ఆ నిగ్రహమునకు మూలము.

గాజువాకలో మా యింటి కుక్కయు తొలుత అతిథులమీదికి ఎగబ్రాకెడిది. కసరుట మాని, నాలుగు కాళ్లు నేలనుంచినప్పుడే నిమురుటతో, రెండు మాసములలో ఆ అలవాటు మానినది. కొట్టిన కుక్క భయమునే నేర్చును. భయపడిన కుక్క కఱవవచ్చును.

కుక్కపిల్లను తేదలచినవారు, దినమునకు పావుగంట దానికి కేటాయింపగలమా యని ముందుగా ఆలోచింతురు గాక!