హెడ్‌ఫోన్స్ మార్చే ముందు ప్లగ్ పాయింట్ చూడండి

ఈ ఎపిసోడ్‌లో డెస్క్‌టాప్ కంప్యూటర్‌కి మంచి ఆడియో సెటప్ ఎలా చేసుకోవాలో మాట్లాడుకుందాం. ఏ హెడ్‌ఫోన్ కొనాలి, డాక్ కావాలా, యాంప్ కావాలా, అన్నీ వస్తాయి. కానీ ముందు నేను నాలుగు వేలు ఎలా వేస్ట్ చేశానో చెప్తా. అది వింటే మీ డబ్బులు మిగలొచ్చు.

నేను సీతాఫల్‌మండిలో ఒక పాత ఇంట్లో పోర్షన్‌లో ఉంటాను. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఒకటి వచ్చింది. మాట్లాడటం మొదలుపెట్టిన రెండో నిమిషానికే అవతలి మేడమ్, "మీ దగ్గర ఏదో గుయ్యిమని సౌండ్ వస్తోందండీ, కొంచెం ఆపుతారా" అన్నారు. ఫ్యాన్ ఆపాను, కిటికీ మూశాను. సౌండ్ పోలేదు. ఆ కంగారులో వచ్చిన ఆన్సర్లు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ ఉద్యోగం రాలేదు. అది ఒక్క సౌండ్ వల్లే అని చెప్పను గానీ, మనసులో మాత్రం ఉండిపోయింది.

మదర్‌బోర్డ్‌లో ఉన్న ఆడియో చిప్ బాలేదేమో అనుకున్నా. మైక్, హెడ్‌ఫోన్ రెండూ పెట్టుకునే యూఎస్‌బీ డాక్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించా. పెట్టి చూస్తే అదే గుయ్యి. అప్పుడు ఒక విషయం గమనించా. చేయి సీపీయూ క్యాబినెట్‌కి తగిలితే సౌండ్ తగ్గుతోంది. ఇంకోటి, క్యాబినెట్ అంచు తగిలినప్పుడు వేలికి సన్నగా జిల్లుమంటోంది. ఇది టెస్ట్ చేసే పద్ధతి కాదు, మీరు చేయొద్దు. నాకు అలా అనుకోకుండా తెలిసింది.

ఎలక్ట్రీషియన్ అన్నని పిలిస్తే సాకెట్ విప్పి చూపించాడు. "తమ్ముడూ, సాకెట్‌కి మూడు రంధ్రాలున్నయ్ గానీ లోపల గ్రీన్ వైరే లేదు" అన్నాడు. అంటే ఎర్తింగ్ లేదు.

ఎర్త్ లేకపోతే సౌండ్‌కి ఏమవుతుంది? మీ పీసీలో కరెంట్ సప్లై చేసే ఎస్‌ఎంపీఎస్ బాక్స్ ఉంటుంది కదా. అందులో నాయిస్‌ని ఎర్త్‌కి పంపించడానికి చిన్న కెపాసిటర్లు పెడతారు. ఎర్త్ ఉంటే ఆ నాయిస్ భూమిలోకి పోతుంది. లేకపోతే పోయే దారి లేక క్యాబినెట్ మీదే ఉంటుంది. మన 230 వోల్టుల్లో దాదాపు సగం వోల్టేజ్ క్యాబినెట్ మీద తేలుతూ ఉంటుంది. కరెంట్ మాత్రం చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ ఏదో ఒక రోజు ఎస్‌ఎంపీఎస్ లోపల నిజంగా ఫేజ్ వైర్ బాడీకి తగిలితే, అప్పుడు కాపాడాల్సింది ఆ ఎర్త్ వైరే. కాబట్టి ఇది సౌండ్ ప్రాబ్లమ్ ఒక్కటే కాదు ఫ్రెండ్స్, ప్రాణం ప్రాబ్లమ్.

మరి డాక్ ఎందుకు పనిచేయలేదు? యూఎస్‌బీ కేబుల్‌లో గ్రౌండ్ వైర్ కూడా ఉంటుంది. పీసీ బాడీ మీద ఉన్న చెత్త అంతా ఆ వైర్ ద్వారా డాక్‌కి కూడా వచ్చేస్తుంది. ట్యాంక్‌లో నీళ్ళు బురదగా ఉంటే కొత్త నల్లా బిగించి ఏం లాభం?

ఓనర్ అంకుల్‌తో మాట్లాడా. మొదట "ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు బాబూ" అన్నారు. షాక్ సంగతి చెప్పాక, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కదా, వెంటనే ఒప్పుకున్నారు. మెయిన్ బోర్డ్ నుంచి నా సాకెట్‌కి ఎర్త్ వైర్ లాగించాం. పెరట్లో ఉన్న పాత ఎర్త్ పిట్ ఎండిపోయి ఉంటే అందులో నీళ్ళు పోయించాం. గుయ్యి పోయింది, జిల్లు కూడా పోయింది.

రెండు జాగ్రత్తలు. ఎర్త్ లేని సాకెట్‌లో న్యూట్రల్‌నే ఎర్త్‌కి కలిపేస్తా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే పీసీ బాడీకి ఫుల్ కరెంట్ వస్తుంది. రెండోది, చీప్ ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో కొన్నిటికి పైన మూడు రంధ్రాలుంటాయి, లోపల రెండే వైర్లుంటాయి. దాని ప్లగ్ చూడండి. లావు పిన్ను లేకపోతే ఎర్త్ లేనట్టే.

సరే, మీ నాయిస్ ఎక్కడిదో ఎలా పట్టుకోవాలి? ముందు అదే హెడ్‌సెట్ ఫోన్‌కి పెట్టి వినండి. ఫోన్‌లో క్లీన్‌గా ఉంటే హెడ్‌సెట్ తప్పు కాదు. తర్వాత క్యాబినెట్ ముందు జాక్ తీసి వెనక జాక్‌కి పెట్టండి. ముందు జాక్ వైరు గ్రాఫిక్స్ కార్డ్ పక్క నుంచి వెళ్తుంది, అక్కడ నాయిస్ పట్టుకుంటుంది. మౌస్ కదిపినప్పుడో గేమ్ ఆడేటప్పుడో కీచుమంటే అది ఈ రకం. దీనికి మాత్రం యూఎస్‌బీ డాక్ చాలాసార్లు పనికొస్తుంది. ఎప్పుడూ ఒకేలా గుయ్యిమంటే ఎర్తింగ్ మీద డౌట్ పడండి.

ఇప్పుడు షాపింగ్‌కి వద్దాం. నా ఆర్డర్ ఇది: ముందు హెడ్‌ఫోన్, తర్వాత మైక్, ఆఖర్న డాక్, యాంప్. ఎందుకంటే సౌండ్‌లో మీకు వినిపించే తేడా ఎక్కువగా హెడ్‌ఫోన్‌దే. డాక్ బాక్స్ మీద 192 కిలోహెర్ట్జ్ అని రాసుంటే పడిపోకండి. మనిషి చెవి వినేది 20 కిలోహెర్ట్జ్ దాకానే. 1982లో వచ్చిన సీడీకి 44.1 కిలోహెర్ట్జ్ పెట్టింది కూడా ఆ లెక్కతోనే.

యాంప్ కావాలా వద్దా అనేది ఇంపెడెన్స్, సెన్సిటివిటీ చూసి చెప్పొచ్చు. 32 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కి 1 మిల్లీవాట్ పవర్ ఇవ్వాలంటే 0.18 వోల్ట్ చాలు. 300 ఓమ్స్‌కి అదే పవర్ ఇవ్వాలంటే 0.55 వోల్ట్ కావాలి, అంటే మూడు రెట్లు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటివి 300 ఓమ్స్. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ 38 ఓమ్స్, దానికి మామూలు పీసీ జాక్ చాలు. స్టూడెంట్స్ కొనేవాటిలో ఎక్కువ భాగానికి యాంప్ అక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. హెచ్‌డీ 600 ఓపెన్ బ్యాక్, అంటే బయటి సౌండ్ లోపలికి వస్తుంది, లోపలిది బయటికి పోతుంది. రూమ్‌లో ఫ్యాన్ తిరుగుతూ, పక్కన రైళ్ళు పోతూ ఉంటే క్లోజ్డ్ బ్యాక్ తీసుకోండి. లేకపోతే ఆ గోలని దాటడానికి వాల్యూమ్ పెంచుతూనే ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లిమిట్ 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగం అవుతుంది. 89కి వచ్చేసరికి వారానికి 5 గంటలే. హెడ్‌ఫోన్ పాడైతే మళ్ళీ కొనుక్కోవచ్చు, చెవికి రీప్లేస్‌మెంట్ లేదు.

బ్లూటూత్ వాడేవాళ్ళకి ఒక టిప్. కాల్‌లో దాని మైక్ ఆన్ అవ్వగానే సౌండ్ డల్ అయిపోతుంది కదా, అది ఫాల్ట్ కాదు. చాలా బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మైక్ కోసం హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌లోకి మారిపోతాయి. సెట్టింగ్స్‌లో వేరే వైర్ మైక్ సెలెక్ట్ చేసుకోండి, సౌండ్ మళ్ళీ బాగుంటుంది.

మన సికింద్రాబాద్ వాళ్ళకి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, ఉండనే ఉంది. వెళ్తే మీ ఫోన్‌లో బాగా తెలిసిన పాట ఒకటి పెట్టుకుని వెళ్ళండి. "అన్నా, ఒకసారి పెట్టుకుని వినొచ్చా" అని అడగండి. వినిపించే షాప్ దొరికేదాకా నాలుగు షాపులు తిరగండి. జాక్‌లు, కేబుళ్ళు విడిగా కావాలంటే కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది.

కానీ బయల్దేరే ముందు ఒక పని చేయండి. మీ ప్లగ్ పాయింట్ ఎర్తింగ్ ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి. నెక్స్ట్ ఇంటర్వ్యూలో నన్ను ఎవరూ సౌండ్ ఆపమనలేదు. ఉద్యోగం వచ్చిందా అంటే, ఇంకా వెయిటింగ్. ఈసారి మాత్రం నేను చెప్పిందంతా వాళ్ళకి క్లియర్‌గా వినిపించింది.