చెన్నపట్టణమునకు తెలుగువారి నీటిబాట: బకింగుహాము కాలువ మిగిలిన జాడలు

చెన్నపట్టణమున నివసించు తెలుగువారిలో పెక్కుమందికి బకింగుహాము కాలువ యనగా నల్లని మురుగునీరు, దుర్గంధము, రైలుబాట స్తంభములు మాత్రమే స్ఫురించును. వంతెనమీద బస్సు పోవునప్పుడు ముక్కు మూసికొని తల త్రిప్పుకొనుటయే దానితో మనకు మిగిలిన పరిచయము. కాని ఒకప్పుడు కాకినాడలో పడవ నెక్కినవాడు సముద్రముపై పోకుండ, బండి యెక్కకుండ, చెన్నపట్టణమున దిగుటకు వీలైన జలమార్గములో ఇది కడపటి భాగము. దీనిని మురుగుకాలువగా గాక, తెలుగువారు ఈ నగరమునకు వచ్చిన బాటలలో నొకటిగా చూడవలెనని నా ప్రతిపాదన. అందుకు ఆధారములు గ్రంథాలయములందే కాదు. నేలమీదను, పేటల పేర్లలోను, మన పలుకులోను ఇంకను మిగిలియున్నవి.

మొదట మార్గము తెలియవలెను. కాకినాడనుండి ధవళేశ్వరము వరకు కాకినాడ కాలువ, సుమారు 50 కిలోమీటర్లు. గోదావరిని దాటినచో విజయవాడ వరకు ఏలూరు కాలువ, 139 కిలోమీటర్లు. కృష్ణ నవతలికి పోయినచో పెదగంజాము వరకు కొమ్మమూరు కాలువ, 113 కిలోమీటర్లు. అంతవరకు నున్నది మంచినీరు. 1852లో ధవళేశ్వరమునను, 1855లో బెజవాడయందును పూర్తియైన ఆనకట్టలు మళ్లించిన నదీజలము. సేద్యమునకు త్రవ్విన ఆ కాలువలనే పడవలకును పనికివచ్చునట్లు కాటను దొర, ఆయన అనుచరులు రూపొందించిరి. పెదగంజామునుండి దక్షిణముగా చెన్నపట్టణము వరకు సుమారు 315 కిలోమీటర్లు, అచ్చటినుండి మరక్కాణము వరకు మరి 103 కిలోమీటర్లు సాగునది బకింగుహాము కాలువ. ఇది పొలము తడుపునది కాదు. తీరమునుండి సుమారు ఒక కిలోమీటరు దూరమున, సముద్రమునకు సమాంతరముగా, ఏళ్ల మొగలను, ఉప్పుటేళ్లను ఒకదానితో నొకటి కలుపుచు పోవు ఉప్పునీటి కాలువ. కేవలము పడవలకొరకే త్రవ్వబడినది.

ఇంత పొడవైన కాలువను ఎవరును ఒక్కమారుగా సంకల్పించి త్రవ్వలేదు. బేసిల్ కొక్రేన్ అను నాంగ్లేయ వ్యాపారి నగరమునుండి ఎన్నూరు వరకు 11 మైళ్ల కాలువను నిర్మించెను. 1806లో అది పూర్తియైనది. పిమ్మట అది పులికాటు సరస్సు వరకు సాగినది. 1837లో ప్రభుత్వము దానిని తన వశము చేసికొని, క్రమముగా ఉత్తరమునకు నెల్లూరు తీరము మీదుగా పొడిగించినది. చాలకాలము దీనికి కొక్రేన్ కాలువ యనియే పేరు.

నగరము నడుమనున్న భాగము చరిత్ర వేరు; అది దుఃఖకరమైనది. 1876-78 నాటి మహాక్షామమును మన పెద్దలు ధాత కరువు అనిరి. ధాత నామ సంవత్సరమున మొదలైనది గనుక ఆ పేరు. పల్లెలు విడిచి చెన్నపట్టణము చేరిన ఆర్తులకు పని కల్పించుటకై కూవమునదికిని అడయారునదికిని నడుమ ఐదుమైళ్ల కాలువ 1877-78లో త్రవ్వబడినది. దానితో ఉత్తరపు కాలువయు దక్షిణపు కాలువయు కలిసిపోయినవి. అప్పటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు 1878లో మొత్తము కాలువకు వచ్చినది. ఆనాటి కరువు పనుల కూలి యెంతయో తెలిసికొనుట మంచిది. రిచర్డు టెంపుల్ దొర 1877 మొదట నిర్ణయించిన లెక్క ప్రకారము మగవానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, ఒక అణాయును. ఇది బ్రతుకుటకు చాలదని రాజధాని ఆరోగ్యాధికారియైన కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని నెలల పిమ్మట కూలి పెంచబడినది. ప్రభువు పేరు కాలువకు నిలిచినది. మట్టి మోసినవారి పేర్లు ఏ శాసనమునను లేవు.

సముద్రమట్టమున నున్న కాలువకు లాకు లేల యని కొందరడుగుదురు. ఇందు నీరు ఊటవలన గాని ఆనకట్టవలన గాని వచ్చునది కాదు. ఏళ్ల మొగలగుండ సముద్రపుపోటు లోనికి తెచ్చునది. పోటునకు నిండును, పాటునకు తగ్గును. పైగా తీరమున ప్రతి యేరును కాలువకు అడ్డుపడును. గుండ్లకమ్మ, పెన్న, స్వర్ణముఖి వంటి నదులు వరదకాలమున ఇసుకను, ఒండును తెచ్చి కాలువలో పోయగలవు. కావున కాలువ ఏటిలో ప్రవేశించుచోట ఒకటి, ఆవలి యొడ్డున మరల బయలుదేరుచోట ఒకటి లాకులు కట్టిరి. రెండు తలుపుల నడుమ పడవ పట్టునంత తొట్టి. పడవ తొట్టిలోనికి వచ్చిన పిదప వెనుక తలుపు మూసి, ముందరి తలుపున నున్న చిన్న తూములు ఎత్తుదురు. నీటిమట్టములు సమమైనప్పుడు పెద్దతలుపు సులభముగా తెరచుకొనును. పాటువేళ నిలిపిన నీరు జారిపోకుండుటకును, వరదవేళ ఒండు చొరకుండుటకును ఆ తలుపులే కాపలా. లాకు చెడినచో ఆ భాగము త్వరలో పూడిపోవును. తరువాతి కథకు ఈ విషయమే కీలకము.

పడవలకు యంత్రములు లేవు. గాలి అనుకూలించినచో చాప ఎత్తుదురు. లేనిచో గెడ వేయుదురు. అదియు సాగనిచోట ఇద్దరు ముగ్గురు గట్టున నడచుచు త్రాటితో లాగుదురు. గట్టుమీద చెట్టుచేమలు లేని నడకదారి ఉండుట అందులకే. సరంగు, గెడ, లాకు, రాదారిపడవ – ఈ మాటలు డెల్టావాసులకు ఇంటిమాటలు. కాలువమీద చెన్నపట్టణము చేరిన సరకులలో ధాన్యము, ఉప్పు, సున్నమునకు గుల్ల, అన్నింటికంటె ముఖ్యముగా వంటచెరకు ఉండెను. శ్రీహరికోట అడవుల కట్టెలును, తీరపు తోటల సరుగుడు కట్టెలును నగరపు పొయ్యిలలో మండినవి. నెల్లూరి బియ్యమును నెల్లూరి తీరపు కట్టెలతో వండుకొని తిన్న పట్టణము, ఆ రెండును తెచ్చిన బాటను మరచినది!

క్షీణదశ ఒక్కనాట రాలేదు. 1899లో బెజవాడ, మదరాసుల నడుమ రైలు పూర్తియైనప్పుడే దూరప్రయాణికులు పడవలను విడిచిరి. తరువాత లారీలు సరకును లాగికొన్నవి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఒకే కాలువ రెండు రాష్ట్రములలో పడినది. 1965-66 తుపానులును, 1976 తుపానును గట్లను లాకులను దెబ్బతీసినవి. రాబడి తగ్గిన కాలువకు మరమ్మతు చేయువారు తక్కువ. నగరములో మురుగునీరు ఆ ఖాళీని నింపినది. తుదకు నగర రైలుమార్గపు స్తంభములను కాలువ గర్భముననే నాటిరి. 1995లో చేపాక్ వరకును, 1997లో మైలాపూరు వరకును రైలు నడచినది. భూమి సేకరణ భారము తప్పినదని ఆనాడు సంతోషించియుందురు. కాని వెడల్పు తగ్గిన కాలువ వాననీటిని మోయలేదన్న సంగతి 2015 డిసెంబరు వరదలలో నగరము చూచినది.

ఇక జాడల విషయము. చెన్నపట్టణ సెంట్రలునుండి రైలులో ఉత్తరమునకు పోవువారికి మొదట తగులు స్టేషను బేసిన్ బ్రిడ్జి. ఆ పేరులోని బేసిన్ మరేదియు కాదు, పడవలు ఆగి సరకు దింపిన కొలను. సమీపముననే కొక్రేన్ బేసిన్ రోడ్డు కలదు. కాలువ మరువబడినను త్రవ్వినవాని పేరును వీథి మోయుచున్నది. రైల్వే సరకుల యార్డునకు సాల్ట్ కొటార్స్ అను వింతపేరు. ఇది ఆంగ్లమును కాదు, వింతయును కాదు. తమిళమున కొట్టారము, తెలుగున కొటారు. తీరపు తెలుగువారు ఉప్పు పండించి ప్రోగుచేయు తావును ఉప్పుకొటారు అందురు. పడవలపై వచ్చిన ఉప్పును నిలువచేసిన చోటికి ఆ పేరు వచ్చినది. ఇవి ఫలకములపై ప్రతిదినము చదువుచున్న పేర్లే గాని, వాని వెనుక నీరున్నదని తలచువారరుదు.

నగరమునకు దక్షిణముగా కాలువ కొంత మేలు. ముట్టుకాడు, మహాబలిపురముల పొంత నీరు విశాలముగా నుండును. ఒకప్పుడు విహారయాత్రికులు ఈ కాలువపై పడవలో మహాబలిపురము పోవుచుండిరి. తమిళకవి భారతిదాసన్ ఆ ప్రయాణముపై పద్యములు వ్రాసెను. ఉత్తరమున ఎన్నూరునొద్ద మాత్రము కర్మాగారములు కాలువను చుట్టుముట్టినవి. 2023 డిసెంబరు తుపానువేళ ఒక చమురుశుద్ధి కర్మాగారమునుండి వెలువడిన నూనె ఈ కాలువ మీదుగానే ఎన్నూరు ఉప్పుటేటికి చేరి, జాలరుల వలలను పడవలను నల్లబరచినది. బియ్యము వచ్చిన దారినే విషమును పోయినది.

ఎన్నూరు దాటి పులికాటు చేరినచో మరల తెలుగు వినవచ్చును. ఈ సరస్సునకు మనవారు పెట్టిన పేరు ప్రళయకావేరి. దాని అంచు పల్లెలలో తమిళనాటి వైపునను తెలుగు మాటాడువారున్నారు. ఇంకను ఉత్తరమున దుగరాజపట్నము కలదు. ఆంగ్లేయులు చెన్నపట్టణమునకు రాకముందు, 1626 ప్రాంతమున, ఆర్మగాము అను పేరుతో వర్తకస్థానము పెట్టినది అచ్చటనే. అచ్చటి ఫ్రాన్సిస్ డే, దామర్ల వేంకటాద్రి నాయకునివలన 1639లో స్థలము పొంది దక్షిణమునకు తరలెను. రెండువందల యేండ్ల పిమ్మట కాలువ అదే తీరమును అనుసరించినది. కృష్ణపట్నము, ఇసుకపల్లి ఉప్పుభూముల మీదుగా సాగు ఈ భాగమును ఉపగ్రహపటములో చూచినచో, వంకరటింకర యేళ్ల నడుమ బద్దపెట్టి గీచినట్లున్న గీత ఇట్టే గుర్తుపట్టవచ్చును. ప్రకృతి అంత తిన్నని గీత గీయదు. 2004 డిసెంబరు 26న సునామి వచ్చినప్పుడు లోతట్టునకు పరుగిడు నీటిని చాలచోట్ల ఈ కాలువ తనలో ఇముడ్చుకొని కొన్ని నిమిషములలో మరల సముద్రమునకు విడిచినది. పూడిన కాలువ సైతము ప్రాణములు కాపాడినది.

2008లో కేంద్రప్రభుత్వము కాకినాడనుండి పుదుచ్చేరి వరకు నున్న ఈ కాలువలను నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించినది. ప్రకటనతో పడవ కదలదు గాని, పత్రములందైనను కాకినాడయు చెన్నపట్టణమును మరల ఒక్క వరుసలో నిలిచినవి. ఈలోపల గట్టుపల్లెలలో గెడ పట్టినవారి సంతతి యుండును. వారినుండి లాకుల పేర్లు, మజిలీల పేర్లు, పడవ భాగముల పేర్లు వ్రాసికొనుటకు మన సంఘము సభ్యులు పూనుకొన్నచో ఒక వేసవి సెలవు చాలును. పూడిన తొట్టి గోడలను కొలుచుటకు ఇంజనీరులున్నారు. ఆ గోడ దేనిదో చెప్పగల ముదుసలులు ఏటేట తగ్గుచున్నారు.

అట్టి యాత్రకు బయలుదేరువారు పెదగంజామునుండి మొదలిడుట మేలు. కొమ్మమూరు కాలువ అచ్చట ముగియును. ఒకవైపు కృష్ణమ్మ మంచినీరు, మరొకవైపు కడలి తెచ్చిన ఉప్పునీరు.